చిన్న పరిశోధన పత్రిక, దాని డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదికి రెండో మూడో సంచికలు, సంచికకు ఆరేడు వ్యాసాలు, ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలమంది పాఠకులు. ఒకే ఒక్క విషయం పట్టుకుని నడిచే ఇలాంటి పత్రికల సంపాదకులూ కోశాధికారులూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది. కొన్నిటికి తేలదు.

ఇంత చిన్న పత్రికకు అసలు డబ్బు దేనికి?

మీరు భయపడుతున్నంత అక్కర్లేదు. అలాగని అసలే అక్కర్లేదనుకుంటే పొరపాటు. వ్యాసాలు తీసుకోవడం, సమీక్షకులకు పంపడం, ప్రచురించడం అన్నీ చూసుకునే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. పత్రికను గుర్తించే ఐఎస్ఎస్ఎన్ సంఖ్య చాలా దేశాల్లో ఉచితమే. 2003 నుంచి నడుస్తున్న డీఓఏజే, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే పత్రికల జాబితా వేసే సంస్థ, తన జాబితాలో చేర్చుకోవడానికి పత్రికల దగ్గర ఏమీ తీసుకోదు. డబ్బు పోయేది సర్వరుకు, డొమైన్ పేరుకు, క్రాస్‌రెఫ్ సభ్యత్వానికి, దాని ద్వారా వ్యాసాలకు డీఓఐలు అనే శాశ్వత గుర్తింపు సంఖ్యలు నమోదు చేయడానికి. వీటన్నిటికంటే ఎక్కువ మనిషి పనికి: కాపీ ఎడిటింగ్, టైప్‌సెట్టింగ్, ప్రూఫులు, జవాబివ్వని సమీక్షకుడికి మూడోసారి రాసే ఉత్తరం.

ముందు ఏడాది ఖర్చంతా ఒక కాగితం మీద రాయండి. ఈ కాగితం రాయకుండానే నిధుల వేటకు బయల్దేరిన పత్రికలే ఎక్కువ. తనకెంత కావాలో తెలియనివాడు ఎవరెంత ఇస్తే అంతా పుచ్చుకుంటాడు. చిక్కులు మొదలయ్యేది అక్కడే.

మేమంతా జీతం లేకుండానే పనిచేస్తున్నాం. అంతకంటే నైతికమైన పద్ధతి ఇంకేముంది?

జీతం లేని పనికి కూడా ఖర్చుంటుంది, దాన్ని ఎవరో ఒకరు భరిస్తూనే ఉంటారు. సంపాదకురాలికి విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఉంటే, ఆమె పత్రిక కోసం వెచ్చించే గంటల ఖర్చు ఆ విశ్వవిద్యాలయానిది. పక్కా ఉద్యోగం లేని యువ పరిశోధకుడు రాత్రుళ్లు కూర్చుని పేజీలు దిద్దుతున్నాడంటే, పత్రికకు అందరికంటే పెద్ద విరాళం ఇస్తున్నది అతనే. ఇవ్వగలిగే స్థితి అతనికి లేదు. కాదనగలిగే స్థితి అసలే లేదు, ఎందుకంటే రేపు తనకు సిఫారసు ఉత్తరం రాయాల్సింది ఆ సంపాదకురాలే.

రచయితల దగ్గరా పాఠకుల దగ్గరా డబ్బు తీసుకోని పత్రికలు ప్రపంచంలో 17,000 నుంచి 29,000 దాకా ఉంటాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వీటికి డైమండ్ ఓపెన్ యాక్సెస్ అని పేరు. ఓపెన్ యాక్సెస్ అంటే ఎవరైనా ఉచితంగా చదవగలగడం. వీటిలో చాలావాటిని నడిపేది స్వచ్ఛంద శ్రమే. అది గొప్ప సంగతే, కాదనను. కానీ ఆ శ్రమ ఒకరిద్దరి భుజాల మీద ఉన్నచోట వాళ్లలో ఒకరు మంచాన పడితే రెండు సంచికలు ఆగిపోతాయి.

అందుకే జమాఖర్చుల్లో జీతం లేని పనిని కూడా గంటల్లో రాయమంటాను. డబ్బు చేతికి వచ్చిన రోజున ముందు ఇవ్వాల్సింది ఆ పని చేసేవాళ్లలో అందరికంటే ఇబ్బందిలో ఉన్నవాళ్లకి. సంపాదకుడి గౌరవ వేతనం సంగతి ఆఖరున చూసుకోవచ్చు.

ఏ డబ్బు తీసుకోవచ్చో, ఏది కూడదో తేల్చుకునేదెలా?

నేను వేసే ప్రశ్న ఒకటే: రేపు ఫలానా వ్యాసాన్ని మనం వద్దంటే ఈ డబ్బు ఆగిపోతుందా? ఆగిపోయే డబ్బయితే జాగ్రత్త పడాలి. సంపాదకుడి నిర్ణయంతో నిమిత్తం లేకుండా వచ్చేదయితే సగం బెంగ తీరినట్టే.

మిగతా సగం మొహమాటం. లంచం ఇస్తానంటే కోపం తెచ్చుకుని పొమ్మనే సంపాదకులు కూడా, ఏళ్ల తరబడి ఆదుకున్న దాత శిష్యుడి వ్యాసం వచ్చేసరికి కాస్త మెత్తబడతారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. సమీక్ష జరిపే పత్రిక పనే వాసాలు లెక్కపెట్టడం. కాబట్టి ఎవరింట్లో తినాలన్నది ముందే ఆలోచించుకోవాలి. ఇచ్చినవాళ్ల పేరు, ఎంత ఇచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నవి సంచిక మొదటి పేజీలో అచ్చువేయడానికి మీకు సంకోచం కలిగితే ఆ డబ్బు వద్దు. ఏడాది ఖర్చులో సగానికి మించి ఒకే చోటునుంచి వస్తుంటే, ఆ చోటు ఎంత మంచిదైనా సరే, రెండో దారి వెతకడం మొదలుపెట్టండి.

రచయితల దగ్గర ప్రచురణ రుసుము తీసుకుంటే తప్పా?

తప్పని కొట్టిపారేయలేను. 2003లో పీఎల్‌ఓఎస్ బయాలజీ అనే జీవశాస్త్ర పత్రిక వ్యాసానికి 1,500 డాలర్ల రుసుముతో మొదలైనప్పుడు దాని వెనక ఉన్న ఉద్దేశం మంచిదే: చదివేవాళ్లకు అడ్డుగోడ ఉండకూడదు, ఖర్చు పరిశోధన గ్రాంటులోంచి రావాలి. గ్రాంట్లు దండిగా ఉండే జీవశాస్త్రంలో అది నడిచింది. గ్రాంటు అనే మాటే వినబడని శాస్త్రాల్లో, భాషాధ్యయనాల్లో, చరిత్రలో ఆ రుసుము రచయిత సొంత జేబులోంచి పోతుంది. అక్కడ అదే పద్ధతి పెడితే, ఒకప్పుడు పాఠకుడికి అడ్డంగా ఉన్న గోడను తీసుకొచ్చి రచయిత ముందు కట్టినట్టవుతుంది.

అంతకంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. వ్యాసం అంగీకరిస్తే డబ్బు, తిరస్కరిస్తే సున్నా. ఇందాకటి పరీక్షలో తప్పేది సరిగ్గా ఇక్కడే. 2013లో సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విలేకరి తప్పులతడక పరిశోధన వ్యాసం ఒకటి కల్పించి, రుసుము తీసుకునే 304 ఓపెన్ యాక్సెస్ పత్రికలకు పంపాడు. 157 పత్రికలు సరేనన్నాయి. అన్నీ దొంగ పత్రికలు కావు, పేరున్న ప్రచురణకర్తలవీ అందులో ఉన్నాయి.

తప్పనిసరై రుసుము పెట్టాల్సి వస్తే నేను కోరేవి ఇవి. ఎంతో, దేనికో వ్యాసం పంపకముందే కనబడేలా రాయాలి. అది మీ అసలు ఖర్చును దాటకూడదు. కట్టలేనివాళ్లకు మినహాయింపు ఉండాలి, దాని కోసం వాళ్లు ప్రాధేయపడే పరిస్థితి రాకూడదు. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో కోశాధికారికి తప్ప నిర్ణయం తీసుకునే సంపాదకులకు తెలియకూడదు. ముగ్గురే ఉన్న సంపాదకవర్గంలో ఈ చివరిది కష్టమే. సంపాదకవర్గంలో లేని మనిషి ఒకరికి ఖాతా అప్పగిస్తే చాలావరకు తీరిపోతుంది.

రుసుము ఒకసారి పెడితే పెరుగుతూ పోవడమే గాని తగ్గడం అరుదు. న్యూరోఇమేజ్ పత్రికలో అది 3,450 డాలర్లకు చేరాక, తగ్గించమన్న మాట ప్రచురణకర్త వినకపోవడంతో 2023 ఏప్రిల్‌లో సంపాదకులంతా కలిసి రాజీనామా చేశారు.

ప్రచురించినప్పుడు కాకుండా, వ్యాసం పంపినప్పుడే అందరి దగ్గరా కొంత తీసుకుంటే?

నైతికంగా చూస్తే ఇదే మెరుగు. అంగీకరించినా తిరస్కరించినా అంతే డబ్బు కాబట్టి నిర్ణయం మీద ఒత్తిడి ఉండదు. అర్థశాస్త్రంలో పేరున్న పత్రికలు కొన్ని ఎంతోకాలంగా ఇలాగే నడుస్తున్నాయి. కాకపోతే ఏడాదికి నలభై వ్యాసాలు కూడా రాని పత్రికకు దీనివల్ల వచ్చేది స్వల్పం, పోగొట్టుకునేది ఎక్కువ. మొదటిసారి రాస్తున్న విద్యార్థి ఆ రుసుము చూసి వెనక్కి తగ్గుతాడు. ఆ వ్యాసం మీకెప్పటికీ అందదు, అందలేదని కూడా మీకు తెలియదు.

చందాలు పాతకాలపు పద్ధతి అంటున్నారు. మానేయాలా?

చందా తీసుకోవడం పాపమేమీ కాదు. పాఠకుడు చదవడానికి ఇచ్చే డబ్బు సంపాదకుణ్ని ఏ వ్యాసం వైపూ నెట్టదు. చిక్కల్లా కట్టలేని పాఠకుడు బయటే ఉండిపోవడం. ఏడాది తర్వాత పాత సంచికలన్నీ అందరికీ తెరిచేయడం ఒక మధ్యేమార్గం. విద్యార్థులకూ ఉద్యోగం లేనివాళ్లకూ రుజువులేవీ అడగకుండా చందా తగ్గించడం మరొకటి. అబద్ధం చెప్పి తక్కువ కట్టేవాళ్లు ఒకరిద్దరు ఉంటే ఉండనివ్వండి. వాళ్లను పట్టుకోవడానికి పెట్టే శ్రమ ఆ డబ్బుకంటే ఖరీదు.

ఇప్పుడు ఇంకో దారి కూడా వచ్చింది. యాన్యువల్ రివ్యూస్ సంస్థ 2020లో అయిదు పత్రికలతో 'సబ్‌స్క్రైబ్ టు ఓపెన్' మొదలుపెట్టింది. గ్రంథాలయాలు ఎప్పటిలాగే చందా కడతాయి. కట్టేవాళ్లు తగ్గకపోతే ఆ ఏడాది సంచికలు ప్రపంచమంతటికీ ఉచితం. తగ్గితే మళ్లీ తలుపు మూసి చందాదారులకే. ఎవరికీ కొత్తగా బిల్లు పంపక్కర్లేదు, రచయిత దగ్గర ఏమీ అడగక్కర్లేదు. ఇప్పటికే యాభై అరవై గ్రంథాలయాలు చందాదారులుగా ఉన్న పత్రికకు ఇది బాగా పనికొస్తుంది. చందాదారులే లేని కొత్త పత్రికకు దీనివల్ల ఉపయోగం లేదు.

గ్రంథాలయాలు ఉమ్మడిగా భరించే పద్ధతి గురించి వింటున్నాం. మాలాంటి చిన్నవాళ్లకు అందుతుందా?

ఒంటరిగా వెళ్తే కష్టం. గుంపులో చేరితే అందుతుంది. మానవీయ శాస్త్రాల కోసం 2015లో మొదలైన ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ ఎన్నో గ్రంథాలయాల దగ్గర కొద్దికొద్దిగా పోగుచేసి పత్రికలను నడుపుతుంది. రచయితకు ఖర్చు లేదు, పాఠకుడికీ లేదు. భౌతికశాస్త్రంలో ఐరోపా పరిశోధన సంస్థ సెర్న్ నడిపే స్కోప్3 అనే ఉమ్మడి ఏర్పాటు 2014 జనవరి నుంచి 3,000కు పైగా గ్రంథాలయాల సొమ్ముతో పనిచేస్తోంది. పరిశోధకులు తమ వ్యాసాలను ఉచితంగా ఉంచే, 1991లో పుట్టిన ఆర్కైవ్ అనే వెబ్ భాండాగారం కూడా సభ్య సంస్థల చందాలు, ఫౌండేషన్ల సాయం, విరాళాలు కలుపుకునే బతుకుతోంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది దాతలు ఎక్కువమంది ఉండటం. మూడొందల మందిలో ఒకరు అలిగి వెళ్లిపోయినా పత్రికకు ఏమీ కాదు, అందుకని ఎవరూ అలగరు. నచ్చనిది, ఏటేటా తిరిగి అడగాల్సి రావడం. గ్రంథాలయ బడ్జెట్ తగ్గినప్పుడు ముందు కోత పడేది ఉచితంగా చదవగలిగే దాని మీదే.

మా పత్రికను ఒక విద్వత్ సంఘమే పోషిస్తోంది. ఇక దిగులేముంది?

డబ్బు దిగులు లేకపోవచ్చు. సంఘం సంపాదకుణ్ని ఎప్పుడు, ఎందుకు తీసేయొచ్చో కాగితం మీద ఉందా? 1999 జనవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన పత్రిక జామా సంపాదకుడు జార్జ్ లండ్‌బర్గ్‌ను తొలగించింది. అధ్యక్షుడు క్లింటన్ అభిశంసన విచారణ సాగుతున్న రోజుల్లో, దానికి సంబంధం ఉందనిపించే ఒక సర్వే వ్యాసాన్ని ప్రచురించాడని దాని అభ్యంతరం. 2006లో కెనడా వైద్య సంఘం పత్రికలో కూడా సంపాదకుడు జాన్ హోయీ ఉద్యోగం పోయింది. అంతకుముందు ప్రచురణ విషయంలో యాజమాన్యంతో పేచీలు నడిచాయి. అవి పెద్ద పత్రికలు కాబట్టి లోకమంతా గోలయింది. చిన్న పత్రికలో ఇదే జరిగితే కార్యవర్గ సమావేశం మినిట్స్‌లో ఒక వాక్యంగా ముగిసిపోతుంది.

రాతపూర్వకంగా ఉండాల్సినవి ఎక్కువ కావు. సంపాదకుడి పదవీకాలం ఎన్నేళ్లు, వ్యాసాల ఎంపికలో సంఘానికి మాట లేదని ఒక వాక్యం, తొలగించాలంటే ఎవరు, ఏ కారణాలతో, ఎంతమంది ఓటుతో. అన్నీ కలిపి ఒక పేజీ. అందరూ సఖ్యంగా ఉన్నప్పుడే దాని మీద సంతకాలు చేయించుకోండి. పేచీ మొదలయ్యాక ఎవరూ చేయరు.

ప్రకటనలు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. పుస్తకాలు, సదస్సులు, ఉద్యోగ ఖాళీలు వేసుకుంటే పాఠకుడికి కూడా పనికొస్తాయి. వ్యాసంలో చర్చించిన పరికరం ప్రకటన ఆ వ్యాసం పక్కనే రావడం మాత్రం కూడదు. ప్రకటనల గురించి మాట్లాడే మనిషీ వ్యాసాలు ఎంచే మనిషీ ఒకరు కాకూడదు. ప్రకటన చూడగానే ప్రకటనే అని తెలియాలి.

చూడగానే తెలియకుండా చేస్తే ఎంత దూరం పోతుందో 2009లో బయటపడింది. ప్రచురణ సంస్థ ఎల్సెవియర్ ఆస్ట్రేలియా విభాగం 2000 నుంచి 2005 మధ్య సమీక్ష జరిగే వైద్య పత్రికల్లా కనిపించే ఆరు ప్రచురణలను ఔషధ కంపెనీల డబ్బుతో వేసి, ఆ సంగతి పాఠకులకు చెప్పలేదు. వాటిలో ఒకటి ఎముకలూ కీళ్ల వైద్యం మీద వచ్చింది, దానికి డబ్బిచ్చింది మెర్క్. ఆ కంపెనీ మందు వయాక్స్ మీద ఆస్ట్రేలియాలో నడిచిన కేసు విచారణలో ఇది వెలుగులోకి వచ్చింది.

ఒక సంస్థ ప్రత్యేక సంచికకు ఖర్చంతా పెట్టుకుంటానంటోంది. ఒప్పుకోవచ్చా?

ఆ సంస్థ విషయం సూచిస్తే ఫరవాలేదు. రచయితలను కూడా తానే సూచిస్తే ఆలోచించాలి. సమీక్షకులను సూచిస్తే దణ్ణం పెట్టి పంపేయండి. ఒప్పుకున్న పక్షంలో, వచ్చిన వ్యాసాలన్నీ తిరస్కరించే హక్కు మీకుందనీ, అలా జరిగితే డబ్బు తిరిగి ఇవ్వనవసరం లేదనీ ఉత్తరంలో రాయించుకోండి. ఈ వాక్యం చూపించగానే కొందరు మళ్లీ ఫోన్ చేయరు. వాళ్లకు కావలసిందేమిటో అప్పుడు తెలిసిపోతుంది.

గ్రాంటు వస్తే ఏం చేయాలి?

ఒక్కసారి చేసే పనులకు వాడండి: పాత సంచికలన్నీ స్కాన్ చేయించడం, కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారడం, పేజీ నమూనా తయారుచేయించడం. నెలనెలా ఇచ్చే జీతాన్ని మూడేళ్ల గ్రాంటుకు కట్టేస్తే నాలుగో ఏడాది మొదటి రోజున మీరు ఒక మనిషిని పంపేయాల్సి వస్తుంది. పెద్ద అండ ఉన్నా అది శాశ్వతమనుకోలేం. హోవర్డ్ హ్యూస్, మాక్స్ ప్లాంక్, వెల్‌కమ్ లాంటి సంపన్న సంస్థలు మూడూ కలిసి 2012లో తెచ్చిన ఈలైఫ్ పత్రిక మొదట్లో రచయితల దగ్గర ఏమీ తీసుకోలేదు. 2017 నుంచి 2,500 డాలర్ల రుసుము పెట్టింది.

విరాళం ఇచ్చిన వ్యక్తే మాకు వ్యాసం కూడా పంపాడు!

జరుగుతుంది. చిన్న రంగంలో దాత, రచయిత, సమీక్షకుడు, పాఠకుడు అంతా ఆ నలుగురే. విరాళాల జాబితా చూడని సంపాదకుడికి ఆ వ్యాసం ఇవ్వండి. అలాంటివాళ్లు మీలో లేకపోతే బయటి అతిథి సంపాదకుణ్ని పిలవండి. ప్రచురించేటట్టయితే రచయిత పత్రికకు విరాళమిచ్చాడన్న మాట వ్యాసం కిందే ఒక వరుస వేయండి. సమీక్ష నడుస్తుండగా కొత్త విరాళం వస్తే మాత్రం వెంటనే వెనక్కి పంపాలి.

పెద్ద ప్రచురణకర్త పత్రికను తీసుకుంటానంటున్నాడు. కష్టాలన్నీ గట్టెక్కినట్టేనా?

సంతకం పెట్టేముందు ఒప్పందంలో ఒక్క పదం కోసం చూడండి: పేరు. పత్రిక పేరు ఎవరి సొత్తు? భాషాశాస్త్ర పత్రిక లింగ్వా సంపాదకులు 2015లో ఎల్సెవియర్‌తో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఆ పేరు ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది. సంపాదకవర్గం మొత్తం బయటికొచ్చి గ్లాసా అనే కొత్త పేరుతో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పేరు, పాత సంచికలు, చందాదారుల జాబితా, డొమైన్ ఈ నాలుగూ మీ సంఘం పేరిట ఉన్నంతకాలం ఏ ఒప్పందంలోంచైనా బయటపడొచ్చు.

బయటికి రావడం సాధ్యమేననడానికి ఇంకా పాత రుజువు ఉంది. 2001లో మెషిన్ లెర్నింగ్ అనే పత్రిక సంపాదకవర్గంలో నలభైమంది రాజీనామా చేసి, అప్పుడే మొదలైన జర్నల్ ఆఫ్ మెషిన్ లెర్నింగ్ రిసర్చ్‌ను నిలబెట్టారు. రచయితకూ పాఠకుడికీ ఖర్చు లేకుండా అది ఇవాళ ఆ రంగంలో ముందు వరుసలో ఉంది. వాళ్లకు టైప్‌సెట్టింగ్ ఖర్చు లేకపోవడం కలిసొచ్చిందనుకోండి, ఆ రంగంలో రచయితలే పేజీలు దిద్దుకుని పంపుతారు.

ఖర్చు ఇంకా తగ్గించే ఉపాయం ఉందా?

వ్యాసాలను మీరు నిల్వ చేయకుండా ఉంటే చాలా తగ్గుతుంది. గణితంలో 2016లో మొదలైన డిస్‌క్రీట్ అనాలిసిస్ పత్రిక వ్యాసాలన్నీ ఆర్కైవ్‌లోనే ఉంటాయి. పత్రిక చేసేది సమీక్ష జరిపించి, అంగీకరించినవాటికి లంకె ఇవ్వడమే. మీ రంగంలో అలాంటి భాండాగారం ఉంటే ఇది ఆలోచించదగ్గ దారి.

అచ్చు ప్రతులు వేయాలా?

ముందుగా ఆర్డరు ఇచ్చినవాళ్లకు మాత్రమే. 1686లో రాయల్ సొసైటీ చేపల మీద ఒక ఖరీదైన పుస్తకం అచ్చేసి, అది అమ్ముడుపోక చేతులు కాల్చుకుంది. న్యూటన్ ప్రిన్సిపియా అచ్చుకు డబ్బు లేక ఆ ఖర్చు సొసైటీ ఉద్యోగి ఎడ్మండ్ హేలీ నెత్తిన పడింది. హేలీకి ఇవ్వాల్సిన జీతానికి బదులు సొసైటీ ఇచ్చింది మిగిలిపోయిన చేపల పుస్తకాలే.

సమీక్షకులకు డబ్బివ్వాలా?

ఇవ్వగలిగితే మంచిదే, చిన్న పత్రికకు కుదరదు. గడువు కాస్త ఎక్కువ ఇవ్వండి, నిర్ణయం ఏమైందో వాళ్లకు కూడా తెలియజేయండి. చాలామంది అడిగేది ఇంతే.

లెక్కలు బయటపెట్టాలా? ఎంతవరకు?

ఏడాదికి ఒక పేజీ చాలు. ఎక్కడినుంచి ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, ఎంతమందికి రుసుము మాఫీ చేశారు, జీతం లేని పని ఎన్ని గంటలు. ఆదాయ మార్గాలు దాచకూడదన్నది ప్రచురణ ప్రమాణాలు చూసే కోప్, డీఓఏజే, ఓయాస్పా, వేమ్ సంస్థలు కలిసి 2013లో మొదట ప్రకటించిన పారదర్శకతా సూత్రాల్లో కూడా ఉంది. చిన్న మొత్తం విరాళమిచ్చిన వ్యక్తి పేరు వద్దంటే దాచవచ్చు. సంస్థల పేర్లు, పెద్ద మొత్తాలు దాచకూడదు.

నిధులు అయిపోతే?

పత్రిక ఆగిపోవడం తప్పు కాదు. అందులో రాసినవాళ్ల వ్యాసాలు మాయం కావడం తప్పు. 2000కూ 2019కీ మధ్య 170కి పైగా ఓపెన్ యాక్సెస్ పత్రికలు వెబ్ నుంచి పూర్తిగా అదృశ్యమయ్యాయని 2020లో కొందరు పరిశోధకులు లెక్క తేల్చారు. సర్వరు బిల్లు కట్టేవాళ్లు లేక పేజీలు పోతాయి, వాటితోపాటు కొందరి ఏళ్ల శ్రమ పోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో 1999లో మొదలైన లాక్స్ లాంటి భద్రపరిచే వ్యవస్థలు ఇందుకోసమే ఉన్నాయి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడే పత్రికలకు ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన పీకేపీ వాళ్ల భద్రతా వలయం ఉచితం. అందులో చేరే పని మొదటి సంచిక నాడే పూర్తిచేయండి.

మూసేయక తప్పదనుకున్నాక కొత్త వ్యాసాలు తీసుకోవడం ముందు ఆపండి, చేతిలో ఉన్నవాటికి నిర్ణయం చెప్పండి. రాని సంచికలకు ముందే చందా కట్టినవాళ్లకు ఆ భాగం తిరిగి ఇచ్చేయండి. షరతులతో వచ్చిన గ్రాంటులో మిగిలింది ఇచ్చినవాళ్లను అడిగాకే కదపాలి. ఆ తర్వాత ఇంకా ఏమైనా మిగిలితే డొమైన్ పేరును పదేళ్లకు రెన్యూ చేయించి, పాస్‌వర్డు కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.